బ్లాక్ పౌడర్ రైఫిల్ గొట్టంలో తుప్పు: ముందు నీళ్లు, ఆ తర్వాతే నూనె

మూతి నుంచి మందు దట్టించే రైఫిల్‌ను కాల్చిన సాయంత్రమే సాల్వెంట్‌తో తుడిచి, నూనె కూడా పట్టించినా, వారం తిరిగేసరికి గొట్టం లోపల తుప్పు ఎందుకు వచ్చిందని మీరు అడిగారు. మొదటి ఏడాది నేనూ ఇదే పని చేసి, గొట్టం అడుగుకు నాలుగు వేళ్ల ఎత్తున ఒక తుప్పు వలయాన్ని తెచ్చుకున్నాను. మీరు శుభ్రం చేయడంలో బద్ధకించలేదు; మురికిని కరిగించలేని దానితో కడిగారు, అంతే.

ఈ రైఫిల్‌లో వాడే నల్ల తుపాకీ మందు, అంటే బ్లాక్ పౌడర్‌లో, సుమారు 75 పాళ్లు పొటాషియం నైట్రేట్, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం ఉంటాయి. కాలిన మందు బరువులో సగానికి పైగా వాయువుగా మారదు. పొటాషియం కార్బనేట్, సల్ఫేట్, సల్ఫైడ్ వంటి లవణాలుగా మిగిలి, కొంత పొగతో పోయి, కొంత గొట్టానికి అంటుకుంటుంది. వీటిలో కార్బనేట్ గాలిలోని తేమను పీల్చుకొని చెమరుస్తుంది, ఆ చెమ్మే ఉక్కును తింటుంది. ఆధునిక తుపాకుల కోసం చేసిన పెట్రోలియం సాల్వెంట్లలో ఈ లవణాలు కరగవు. వాటి మీద నూనె పూయడం మురికి గోడకు సున్నం కొట్టడమే.

కడగడానికి ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో తప్పక చూడండి. ఖాళీ గొట్టంలోకి కడ్డీని అడుగు దాకా దించి, మూతి దగ్గర దాని మీద ఒక గీత గీసి ఉంచుకుంటే, ఆ గీత మూతికి పైన నిలిచిన రోజున లోపల ఏదో మిగిలి ఉందని తెలిసిపోతుంది.

చీల లాగితే గొట్టం కొయ్య నుంచి విడివడే రకమైతే పని సులువు. నిపుల్ (మందును అంటించే టోపీని తొడిగే చిన్న మర గొట్టం) విప్పి, గొట్టం అడుగును బకెట్‌లోని గోరువెచ్చని నీటిలో ముంచి, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, కడ్డీకి బిగుతుగా గుడ్డ ముక్క చుట్టి పైకీ కిందికీ ఆడించండి. గుడ్డ పైకి లేచినప్పుడల్లా నిపుల్ రంధ్రం గుండా నీరు లోపలికి ఎక్కి, దిగినప్పుడు సిరాలా నల్లగా బయటికి చిమ్ముతుంది. అప్పుడు వచ్చే కుళ్లిన గుడ్డు వాసన సల్ఫైడ్ నీటితో కలిసినందువల్ల వచ్చేదే కనుక కంగారు పడనక్కరలేదు. నీరు మార్చి, తేటగా వచ్చే వరకూ మళ్లీ కడగండి. గొట్టం ఊడని రకమైతే, నిప్పు రంధ్రాన్ని చిన్న పుల్లతో మూసి, లోపల నీళ్లు నింపి కొన్ని నిమిషాలు ఆగి ఒంపేయండి. కొయ్యకు మాత్రం తడి తగలనివ్వకండి.

మరిగే నీళ్లు వాడమని చాలామంది చెబుతారు, లోహం వేడెక్కి త్వరగా ఆరుతుందన్నది వారి వాదన. నేను ఒకసారి అలాగే చేసి, గుడ్డ మార్చుకునేంతలోనే గొట్టం లోపల పలచని గోధుమరంగు పొర కట్టడం చూశాను. గోరువెచ్చని నీటిలోనూ లవణాలు చక్కగా కరుగుతాయి కాబట్టి ఆ సాహసం నేను మళ్లీ చేయలేదు.

తరువాత పొడి గుడ్డలు, తడి అంటనంత వరకూ. కొన్ని గొట్టాలలో మందు నిలిచే అడుగు గది పైభాగం కన్నా సన్నగా ఉంటుంది. అక్కడికి మామూలు గుడ్డ చేరదు కనుక, సన్నని బ్రష్‌కు గుడ్డ చుట్టి ప్రత్యేకంగా తుడవాలి. తేమను తోసేసే స్ప్రే కొట్టి, దాన్ని తుడిచేసిన తర్వాతే నూనె పట్టించండి. టోపీ మీద కొట్టే తుపాకీ సుత్తి, నిపుల్, దాని మరలు కూడా ఇలాగే కడిగి ఆరబెట్టి, మరలకు కాస్త గ్రీజు రాయండి. మూతి కిందికి ఉండేలా తుపాకీని నిలబెడితే, అదనపు నూనె అడుగున చేరి నిపుల్‌ను మూసేయదు.

మర్నాడు శుభ్రమైన గుడ్డను ఒకసారి గొట్టంలోకి పంపండి. అది లేత ఇటుక రంగుతో బయటికి వస్తే ఎక్కడో లవణం మిగిలినట్టే. మళ్లీ నీళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టాలి. నా అనుభవంలో ఈ రెండో రోజు పరీక్షే అన్నిటికంటే ఎక్కువ గొట్టాలను కాపాడింది. బ్లాక్ పౌడర్‌కు బదులుగా అమ్మే కొన్ని మందుల్లో పెర్క్లోరేట్ అనే లవణం ఉంటుంది. అది మిగిల్చే క్లోరైడ్ ఇంకా ఎక్కువగా తుప్పు పట్టిస్తుంది కనుక, అవి వాడితే నేను ఇంటికి రాగానే కడుగుతాను. మళ్లీ కాల్చే రోజున మందు పోయక ముందే గొట్టంలోని నూనెను తుడిచేయడం మరవకండి, లేకపోతే మందు తడిసి మొదటి గుండు పేలదు.

ఇప్పటికే వచ్చిన తుప్పు పైపైనే ఉంటే, అతి సన్నని 0000 రకం ఉక్కు పీచును పాత బ్రష్‌కు చుట్టి, నూనెతో మెల్లగా రుద్దితే పోతుంది. గుంటలు పడి ఉంటే అవి పోవు గానీ, చాలా సందర్భాల్లో గురి చెడదు. మసి మాత్రం అక్కడే పేరుకుంటుంది. నా రైఫిల్‌లో ఆ పాత వలయం ఉన్న చోటికి రాగానే గుడ్డ ఇప్పటికీ చిన్నగా తగులుకుంటుంది, అక్కడ నేను కడ్డీని నాలుగుసార్లు ఎక్కువగా ఆడిస్తాను.