అత్యవసరానికి దాచిన డబ్బు యూపీఐ ఖాతాలో ఉంటే ఇంతే

ప్రశ్న: గాజువాకలో అద్దెకు ఉంటున్నాను సార్. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం, చేతికి 30,000 వస్తుంది. అద్దె, ఇంటి ఖర్చు, బైక్ ఈఎంఐ అన్నీ కలిపి 23,500. అవసరానికని ఖాతాలో 19,000 దాచాను. మొన్న ఆదివారం ఆన్‌లైన్ పోకర్‌లో 2–5 టేబుల్ (ఆట మొదట్లో తప్పనిసరిగా పెట్టాల్సిన పందేలు 2, 5 రూపాయలు) మీద 500 చొప్పున ఆరుసార్లు పోయింది. రాబట్టుకుందామని 5–10 టేబుల్‌కి వెళ్తే వెయ్యి చొప్పున మూడుసార్లు పోయింది. రాత్రి లోన్ యాప్‌లో 5,000 తీసుకుంటే చేతికి 3,800 వచ్చింది, అదీ పోయింది. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. మిగిలిన 13,000 కదపకుండా, 50,000 పర్సనల్ లోన్ తీసుకుని తీర్చేయవచ్చా?

జవాబు: వద్దు. 5,000 బాకీకి 50,000 అప్పు దేనికి? మిగతా 45,000 ఏ టేబుల్ మీదకి వెళ్తుందో మనిద్దరికీ తెలుసు. 3,800కి వారంలో 1,200 అంటే వారానికి 31 శాతం పైమాటే. ఇంతకంటే అత్యవసరం ఏముంటుంది? ఆ 13,000 లోంచి ఈ రోజే కట్టేయండి. గడువు పెంచుతామని యాప్ వాళ్లు ఆశ పెడతారు. ఆ పొడిగింపు రుసుము ఎన్నిసార్లు కట్టినా అసలు తరగదు. డబ్బు కంపెనీ ఖాతాకే పంపండి, ఎవరిదో సొంత యూపీఐ ఐడీకి కాదు. యూటీఆర్ నంబరు (డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే లావాదేవీ నంబరు), బాకీ లేదన్న రాతకోతలు దాచుకున్నాకే యాప్‌కి కాంటాక్టులు, ఫొటోల అనుమతి తీసేసి, దాన్ని తొలగించండి. బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ లెక్క ఒకసారి చూడండి. చిన్న టేబుల్‌లో ఆరుసార్లకు పోయిన 3,000, పెద్ద టేబుల్‌లో మూడుసార్లకే పోయింది. దీనికి తోడు ప్రతి పాట్‌లో (ఒక ఆటలో అందరూ పెట్టిన పందెం మొత్తంలో) రేక్ అని సుమారు 5 శాతం నిర్వాహకుడు ముందే తీసుకుంటాడు. 200 పాట్ గెలిచినా పది అతనిది. ఇక చట్టం సంగతి: డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం దేశమంతటా ఆపింది. ఇప్పటికీ నడిచే యాప్ మీ డబ్బు ఇవ్వనంటే వసూలు చేసుకునే దారి దాదాపు లేనట్టే.

అసలు తప్పు ఆదివారానికి ముందే జరిగింది. అత్యవసర డబ్బు, టీ డబ్బు ఒకే ఖాతాలో, ఒకే పిన్ కింద ఉన్నాయి. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే. ఆట బదులు షాపింగో, స్నేహితుడికి చేబదులో ఉంటుంది, అంతే తేడా. వేరే బ్యాంకులో ఖాతా తెరవండి. దాన్ని ఏ యూపీఐ యాప్‌కీ కలపకండి, ఆ బ్యాంకు యాప్ ఫోన్‌లో పెట్టకండి, డెబిట్ కార్డు బీరువాలో ఉండాలి. బాకీ పోగా మిగిలిన 8,000 అందులోకి మార్చండి. జీతం పడిన మర్నాడే 4,000 దానంతటదే వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. నెలాఖరున మిగిలింది వేద్దామనుకుంటే ఏమీ మిగలదు. నాలుగు నెలలకు 24,000, అంటే ఒక నెల ఖర్చు చేతిలో ఉంటుంది. అక్కడ ఆపకుండా ఆరు నెలల ఖర్చు, 1,41,000 దాకా వెళ్లండి. నెల ఖర్చుకు మించింది స్వీప్ ఎఫ్‌డీలో (అవసరమైతే దానంతటదే పొదుపు ఖాతాలోకి తిరిగొచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో) ఉంచితే చాలు.

విశాఖలో ఉన్నవారికి ఇంకో మాట. ఇంట్లో మూడు వేలు నోట్ల రూపంలో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, సెల్ సిగ్నల్ రోజుల తరబడి లేవు. ఏటీఎంలు పనిచేయలేదు, ఖాతాలో లక్షలున్నవాళ్లు కూడా మంచినీళ్ల క్యాన్‌కి నోటు కోసం వెతుక్కున్నారు.

మ్యూచువల్ ఫండ్లు, బంగారం సంగతి ఈ ఆరు నెలల నిధి పూర్తయ్యాక అడగండి. మీ జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్‌ఐ ఉండకపోవచ్చు, కంపెనీ గ్రూప్ పాలసీ ఉందో లేదో హెచ్‌ఆర్‌ని అడగండి. లేకపోతే 5 లక్షల ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. యాప్ తీసేసినా మళ్లీ వేసుకోవాలని చేయి లాగుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.