రేడియాలజీ టెక్నీషియన్ పని ఆడపిల్లలకు పనికొస్తుందా? ఆసుపత్రిలో రోజు ఎలా గడుస్తుంది?

అడిగినాయన గోడు క్లుప్తంగా ఇది: చెల్లెలు ఇంటర్ బైపీసీ పాసైంది, డీఎంఐటీలో, అంటే ఎక్స్‌రే, స్కానింగ్ పని నేర్పే డిప్లొమాలో సీటు వచ్చింది. "రేడియేషన్ పని మనకొద్దు, రేపు పెళ్లయ్యాక పిల్లలు పుట్టరు" అని పెద్దమ్మ అడ్డం పడుతోంది. ఆ మాట నిజమేనా, అసలు ఆ పని ఎలా ఉంటుంది అని ప్రశ్న.

ముందు పెద్దమ్మ గారికి జవాబు. నేను పదమూడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట రాజమండ్రిలో ఒక స్కానింగ్ సెంటర్లో, తర్వాత ఒక పెద్దాసుపత్రిలో. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ నేను ఉద్యోగంలో చేరాకే పుట్టారు. పెద్దది అయిదో తరగతి, నోరు మాత్రం పదో తరగతి. నా పెళ్లిచూపుల్లోనూ ఇదే ప్రశ్న వచ్చింది. అబ్బాయి వాళ్ల మేనత్త నన్ను పక్కకి పిలిచి, "ఆ కరెంటు నీ ఒంట్లోకి ఎక్కదా అమ్మా?" అని అడిగింది. ఆ సంబంధం కుదరలేదులెండి, కారణం కట్నం.

ఎక్స్‌రే అనేది బటన్ నొక్కిన ఆ క్షణంలోనే పుడుతుంది. స్విచ్ కట్టేశాక లైటు వెలుగు గదిలో మిగిలిపోదు కదా, ఇదీ అంతే. గోడలకీ మంచానికీ అంటుకుని ఉండదు. మేము బటన్ నొక్కేది సీసపు అద్దం వెనక నుంచి. ఒంటి మీద టీఎల్‌డీ బ్యాడ్జి, అంటే మన మీద పడిన రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఉంటుంది, ఛాతీ దగ్గర, లెడ్ ఏప్రాన్ (రేడియేషన్ ఆపే సీసపు కోటు) వేసుకుంటే దాని లోపల. అందులో చిన్న చిన్న బిళ్లలుంటాయి. మూడు నెలలకోసారి బ్యాడ్జి ల్యాబుకి వెళ్తుంది. అక్కడ ఆ బిళ్లల్ని వేడి చేస్తే, అవి ఎంత రేడియేషన్ తిన్నాయో అంత వెలుగు కక్కుతాయి. ఆ వెలుగుని కొలిచి మన లెక్క రాస్తారు. మన దేశంలో దీనికి హద్దులు పెట్టేది ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ బోర్డు. మా లాంటి వాళ్లకు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌కి కొలత అది), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. నా రిపోర్టుల్లో ఎక్కువసార్లు వచ్చింది సున్నా, లేదా సున్నా పక్కన పాయింటు పెట్టి ఏదో చిన్న అంకె. ఏ ఉద్యోగమూ చేయకుండా ఇంట్లో కూర్చున్న మనిషికి కూడా నేల, గాలి, తిండి, ఆకాశం నుంచి ఏడాదికి ప్రపంచ సగటున రెండు మూడు మిల్లీసీవర్ట్‌లు వస్తాయి. పెద్దమ్మ గారికి ఈ లెక్క చెప్పండి.

గర్భం అని తెలిస్తే మాత్రం దాచకూడదు, వెంటనే ఇన్‌చార్జికి చెప్పాలి. అక్కడి నుంచి కడుపులో బిడ్డకి 1 మిల్లీసీవర్ట్ దాటకుండా డ్యూటీలు వేయాలి. నాకు రెండుసార్లూ థియేటర్ డ్యూటీ తీసేశారు. ఎందుకంటే జాగ్రత్త ఎక్కువ కావాల్సింది అక్కడే. ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్ (ఆపరేషన్ జరుగుతుండగానే లోపలి బొమ్మ చూపించే ఎక్స్‌రే మిషను) పెట్టి ఎముకలో రాడ్డు వేస్తుంటే మనం గోడ చాటుకి పోలేం, పక్కనే ఉండాలి. రేడియేషన్ పేషెంటుని తాకి చుట్టూ చెదురుతుంది. ఎక్స్‌రే పుట్టే ట్యూబ్ ఉన్న వైపు అది ఎక్కువ, కాబట్టి అటు నిలబడకూడదు. రెండడుగులు వెనక్కి వేస్తే చాలు, దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకి పడిపోతుంది. నాకు ఈ సూత్రం కాలేజీలో ఎక్కలేదు. ఒక సీనియర్ నా భుజం పట్టుకుని వెనక్కి లాగినప్పుడు ఎక్కింది.

బ్యాడ్జి మీద ఒక కథ ఉంది. మాతో పనిచేసే ఒకబ్బాయి టీ తాగడానికి వెళ్తూ ఏప్రాన్ విప్పి, బ్యాడ్జితో సహా ఎక్స్‌రే గదిలోనే ఛాతీ ఎక్స్‌రే తీసే స్టాండు పక్కన తగిలించి పోయేవాడు. ఒకరోజు కాదు, అలవాటుగా. మూడు నెలల తర్వాత రీడింగ్ చూసి అందరికీ గుండె ఆగినంత పనైంది. వివరణ రాయాల్సి వచ్చింది, రక్తపరీక్షలు చేశారు, వాళ్లమ్మ ఊరి నుంచి ఏడుస్తూ వచ్చింది. తీరా తేలిందేంటంటే రేడియేషన్ తిన్నది ఏప్రాన్, మనిషి కాదు.

ఇక అసలు పని. "బటన్ నొక్కడమేగా" అని మా ఆయన కూడా అనేవాడు. ఒకసారి వాళ్ల నాన్నని ఎక్స్‌రేకి తీసుకొచ్చాక మానేశాడు.

ఛాతీ ఎక్స్‌రే తీసుకోండి, అన్నిటికన్నా మామూలుది. పేషెంటు ఛాతీ ప్లేటుకి ఆనించి నిలబడాలి, ట్యూబ్ ఆరడుగుల దూరంలో వీపు వైపు. గడ్డం పైకి, చేతులు నడుం మీద, భుజాలు ముందుకి తోయాలి, లేకపోతే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద పడి అసలు జాగా కనిపించదు. జడ ముందుకి వేలాడితే పైభాగంలో మచ్చలా పడుతుంది, కాబట్టి జడ ఎత్తి ముడి వేయాలి. ఇదంతా అయ్యాక గాలి పీల్చి బిగబట్టాలి. పీల్చకపోతే గుండె లేనిపోని పెద్దదిగా కనిపిస్తుంది, ఊపిరితిత్తుల కింది భాగాలు మసకగా ఉంటాయి, డాక్టరు గారు ఫిల్ము చూసి మళ్లీ పంపిస్తారు.

డెబ్భై ఏళ్ల రైతుకి "డీప్ బ్రీత్" అంటే ఏం అర్థమవుతుంది? "గాలి గట్టిగా పీల్చు తాతా" అన్నా కుదరదు. నోరంతా ఉబ్బించి బుగ్గల్లో గాలి పట్టుకుంటారు, ఛాతీ అంగుళం కూడా కదలదు. లేదా పీల్చి, నేను అద్దం వెనక్కి పరిగెత్తేలోపు వదిలేస్తారు. మొదటి ఏడాది నేను అరిచేదాన్ని, వాళ్లు భయపడేవారు. తర్వాత ఒక ఆయా నేర్పింది. "గోదాట్లో మునకేసేటప్పుడు ఎట్టా బిగబడతావు తాతా, అట్టా బిగబట్టు. నేను లెగమనేదాకా లెగమాకు." ఒక్కసారికే కుదిరింది. ఆ రోజు నుంచీ నాది అదే మంత్రం. మునక అనగానే ముక్కు మూసుకునే వాళ్లూ ఉంటారు, ఫర్వాలేదు, ఫిల్ము మీద ముక్కు పడదు.

రెండో యుద్ధం లోహాలతో. మొలతాడు, తాయెత్తు, పిన్నీసులు, మెట్టెలు, మంగళసూత్రం. మొలతాడుకి వెండి బిళ్ల ఉంటే నడుం ఎక్స్‌రేలో అది సరిగ్గా వెన్నుపూస మీద తెల్లగా కూర్చుంటుంది. అన్నిటికన్నా కష్టం తాళి. ఛాతీ ఎక్స్‌రేకి తీయమంటే కొందరు పక్కకి జరుపుతారు, కొందరు భుజం మీదకి వేసుకుంటారు. ఎంఆర్‌ఐకి అలా సర్దుకుంటే కుదరదు, లోహం ఏదైనా తీసేయాల్సిందే. ఒక పెద్దావిడ తల స్కాన్‌కి వచ్చి, "ముప్పై ఏడేళ్లలో మెడ నుంచి దింపలేదు, ఆయన బయట కూర్చునుండగా నేనెట్టా తీస్తానమ్మా" అని కుర్చీలోంచి లేవలేదు. వెనక లైనులో నలుగురున్నారు. రూల్ చెప్పి లాభం లేదు. మా ఇంట్లో అమ్మ తాళి తాడు మార్చేటప్పుడు చేసే పద్ధతి గుర్తొచ్చి, ఆయాని బయట కొట్టుకి పంపి పసుపుకొమ్ము తెప్పించాను. దారానికి పసుపు పూసి, కొమ్ము కట్టి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ ముందు అది మెడలో వేసుకుని, కళ్లకద్దుకుని, తర్వాత తాళి తీసి నా చేతిలో కాదు, బయటికి వెళ్లి భర్త చేతిలో పెట్టి వచ్చింది. అప్పటి నుంచీ నా సొరుగులో దారపుండ, నాలుగు పసుపుకొమ్ములు ఎప్పుడూ ఉంటాయి. స్టాకు రిజిస్టర్లో లేని సామాను అదొక్కటే.

ఎంఆర్‌ఐ గురించి ఒక్కమాట. దాంట్లో రేడియేషన్ లేదు, కానీ నన్నడిగితే డిపార్టుమెంటు మొత్తంలో ప్రమాదకరమైన గది అదే. అయస్కాంతం స్కాన్ చేసేటప్పుడే కాదు, రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రిలో పేషెంటు బంధువు ఆక్సిజన్ సిలిండరుతో లోపలికి వెళ్లి, మిషను అతన్ని సిలిండరుతో సహా లాగేసుకోవడంతో చనిపోయాడు. అందుకే తలుపు దగ్గర నేను ఎవరినీ నమ్మను, సర్జన్ గారినైనా జేబులు తడుముకోమంటాను.

ఇంజెక్షన్ ఇచ్చి చేసే సీటీకి ముందు పేషెంటుకి ఒక సంగతి తప్పకుండా చెప్పాలి. మందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కి, పొత్తికడుపు దగ్గర తడిసినట్టనిపిస్తుంది. చెప్పకపోతే బట్టల్లో మూత్రం పోయిందనుకుని సిగ్గుతో మధ్యలో లేచిపోతారు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. చేరిన రెండో ఏడు, మధ్యాహ్నం రద్దీలో పేరు పిలిచాను. ఒకావిడ లేచి వచ్చింది, మోకాలి ఎక్స్‌రే తీసి పంపించాను. అరగంట తర్వాత అదే పేరుతో ఇంకొకావిడ కౌంటరు దగ్గర గొడవ, తనకింకా పిలుపు రాలేదని. ఇద్దరిదీ ఒకే పేరు, ఇంటిపేరు వేరు. మొదటావిడకి తీయాల్సింది మెడ, ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు, నేనేది అడిగినా తలూపింది. ఫిల్ములు డాక్టరు గారి బల్ల దాకా వెళ్లకముందే పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. కానీ ఒక మనిషికి అనవసరంగా రేడియేషన్ ఇచ్చాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇప్పుడు పేరు నేను చెప్పను, "మీ పేరేంటి, ఎక్కడ నొప్పి, ఏ ఊరు" అని వాళ్ల చేతే చెప్పిస్తాను. మీ చెల్లెలు కాలేజీలో ఇంకేది నేర్చుకోకపోయినా ఇది మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోమనండి.

ఇవన్నీ చేతికి అలవాటైపోతాయి. నాకు ఇప్పటికీ అలవాటు కానిది ఒకటుంది. తెర మీద బొమ్మ ముందు చూసేది మేమే. రిపోర్టు ఇచ్చే అధికారం రేడియాలజిస్టుది, మేము నోరు విప్పకూడదు, విప్పడం తప్పు కూడా. పదమూడేళ్లు చూశాక ఏది మామూలు, ఏది కాదో కంటికి తెలిసిపోతుంది కదా. నిరుడు ఒకాయన దగ్గు అని వచ్చాడు, కొబ్బరి దింపు చేసే మనిషి. మునక మాట చెప్పగానే నవ్వి, "గోదారి మా ఇంటెనకేనమ్మా" అన్నాడు, బ్రహ్మాండంగా ఊపిరి బిగబట్టాడు. తెర మీద కుడి ఊపిరితిత్తిలో ఉండకూడనిది ఉంది. నేను బయటికి వచ్చి, "అయిపోయింది బాబాయ్, చొక్కా వేసుకోండి" అన్నాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ నా మొహమే చూస్తున్నాడు. "బానే ఉందామ్మా?" "డాక్టరు గారు చూసి చెప్తారు బాబాయ్." "నువ్వు చూశావుగా." ఏం చెప్తాం? ఫిల్ము కవర్లో పెట్టి ఇచ్చాను. మెట్ల దగ్గర ఆగి, అది బయటికి తీసి, ఆకాశానికేసి ఎత్తి చూస్తున్నాడు, అందరూ చూసినట్టే. నేను రేడియాలజిస్టు గారి గదికి వెళ్లి, ఈ ఫిల్ము ముందు చూడండి సార్ అని చెప్పాను. నాకు చేతనయ్యేది అంతే. మీ చెల్లెలు మొహంలో ఏదీ దాచుకోలేని మనిషైతే ఈ పనిలో నలుగుతుంది, ఇది ముందే చెప్పండి.

చదువు సంగతి. డీఎంఐటీ ఇంటర్ తర్వాత రెండేళ్ల డిప్లొమా. పాసయ్యాక పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ మరిచిపోవద్దు, ప్రభుత్వ నోటిఫికేషన్లలో అది అడుగుతారు. ఇంట్లో భరించగలిగితే ఇమేజింగ్‌లో బీఎస్సీ మంచిది, ఇక్కడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద, తెలంగాణలో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కింద ఉంది. కాలేజీ భవనం చూసి మోసపోవద్దు. పిల్లల్ని ఏ ఆసుపత్రికి పంపుతారు, అక్కడ సీటీ, ఎంఆర్‌ఐ ఉన్నాయా, ముట్టుకోనిస్తారా, లేక సర్టిఫికెట్ మాత్రం ఇస్తారా, ఇవి సీనియర్లని అడగండి. అల్ట్రాసౌండ్ మీద ఆశ పెట్టుకోవద్దు, మన దగ్గర అది చేసేది డాక్టర్లే. 1994 లింగ నిర్ధారణ నిషేధ చట్టం వల్ల ఆ గది మీద నిఘా కూడా గట్టిది.

జీతం మొదట్లో తక్కువ, అబద్ధం చెప్పను. స్కానింగ్ సెంటర్లో నా మొదటి నెల 6,500. బస్ పాసుకీ చెప్పులకీ పోగా అమ్మ చేతిలో పెట్టింది నాలుగు వేలు. సీటీ, ఎంఆర్‌ఐ చేతికొచ్చాకే నాకు జీతం పెరిగింది. నైట్ డ్యూటీలు తప్పవు. రెండింటికి హైవే యాక్సిడెంట్ కేసులొస్తాయి, తాగి పడినవాళ్లు బూతులు తిడతారు, వెన్నెముక దెబ్బ అనుమానం ఉంటే మనిషిని కదపకుండా పక్క నుంచి తీయాలి. నడుంనొప్పి రేడియేషన్ వల్ల కాదు, పేషెంట్లని ఎత్తడం వల్ల, ఏప్రాన్ బరువు వల్ల వస్తుంది. నాకు వచ్చింది.

పెద్దమ్మ గారు ఇంకా ఒప్పుకోకపోతే ఆవిడ్నే ఒకసారి మోకాలి ఎక్స్‌రేకి తీసుకెళ్లండి. ఆ వయసులో ఎలాగూ నొప్పులుంటాయి. డాక్టరు గారు రాస్తేనే సుమా, ఊరికే తీయించకండి. అక్కడ పనిచేసే అమ్మాయిని "నీకు పిల్లలున్నారా?" అని ఆవిడే అడుగుతుంది, మీరు అడగక్కర్లేదు.