గైనిక్ ఓపీలో ఏమని అడగాలి?

అమ్మాయీ,

నీకు గైనిక్ ఓపీలో డ్యూటీ పడిందని విన్నాను. బీపీలూ ఇంజెక్షన్లూ నీకు నేను చెప్పనక్కర్లేదు. మాట్లాడే తీరు గురించి మాత్రం కొంచెం చెబుతాను.

ముందు ఆ "పెళ్లయిందా?" మానెయ్. మనకు కావలసింది పెళ్లి కబురు కాదు, గర్భం వచ్చే అవకాశం ఉందా అన్నది. వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి, "ఈమధ్య ఎవరితోనైనా శారీరకంగా కలిశారా? చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?" అని అడుగు. తల్లి పక్కనుంటే పెళ్లికాని పిల్ల నిజం చెప్పదు. అత్తగారి ముందు పెళ్లయినావిడా చెప్పదు. అబార్షన్‌కి భర్త సంతకం అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. 18 ఏళ్లు నిండిన మహిళకు తన సంతకమే చాలు, చట్టం అంతే. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా రాసింది: తీర్పులో మహిళ అన్నచోటల్లా, అబార్షన్ అవసరమయ్యే ఇతర జెండర్లవారు కూడా వస్తారని.

కాబట్టి గడ్డమున్న మనిషి గైనిక్ చీటీ పట్టుకుని వస్తే "ఇది లేడీస్ ఓపీ" అని తిప్పి పంపకు. ట్రాన్స్ పురుషులంటే పుట్టినప్పుడు ఆడపిల్లలని రాసినా మగవాళ్లుగా బతికేవాళ్లు. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ వాడుతూ నెలసరి ఆగినా వాళ్లకు గర్భం రావచ్చు. ఆ హార్మోన్ గర్భనిరోధక మందు కాదు, పైగా గర్భంలో వాడకూడనిది. మనిషిని చూసి ఊహించుకోకుండా "గర్భసంచి ఉందా? ఆపరేషన్ ఏమైనా అయిందా?" అని నేరుగా అడుగు. గర్భసంచి ముఖద్వారం ఉన్నవాళ్లకు, ఆడైనా మగైనా, క్యాన్సర్ పరీక్ష కావాలి. ట్రాన్స్ మహిళలకు, అంటే పుట్టినప్పుడు మగపిల్లలని రాసినా ఆడవాళ్లుగా బతికేవాళ్లకు, జెండర్ మార్పిడి ఆపరేషన్ అయ్యాక కూడా సాధారణంగా ప్రోస్టేట్ గ్రంథి అలాగే ఉంటుంది. వైద్యానికి పనికొచ్చేంతవరకే అడుగు, మిగతాది ఆరా.

పిలుపు విషయంలో తెలుగు మనకు బాగానే సాయపడుతుంది. "రండి, కూర్చోండి, ఎప్పట్నుంచి బాధపడుతున్నారు?" అంటే ఆడా మగా తేల్చే పనే లేదు. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగేస్తే టెన్షన్ ఉండదు. చీటీలో పేరు వేరుగా ఉంటే దాన్ని హాల్లో అరవకు, టోకెన్ నంబరుతో పిలువు.

అలాగని "అమ్మా" అనడం మానక్కర్లేదు. నొప్పులు పడుతున్నావిడకు ఆ పిలుపే ధైర్యం. ఆవిణ్ణి పట్టుకుని "గర్భం దాల్చిన వ్యక్తీ" అంటే ఇంకా కంగారు పడుతుంది! గోడమీద పోస్టరులో రాసే మాట వేరు, మంచం పక్కన అనే మాట వేరు.

వార్డుబాయ్‌కీ, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లకీ కూడా చెప్పి ఉంచు. నువ్వెంత మర్యాదగా ఉన్నా అక్కడ ఎవరైనా కిసుక్కున నవ్వారంటే ఆ మనిషి రెండోసారి రారు.

ఇట్లు,
అక్క