చిల్కా ఒక్కటే దారి కాదు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది విశాఖపట్నం, మల్కాపురం. నేను 1998లో నేవీలో చేరి, 20 ఏళ్ళు పనిచేసి చీఫ్ పెట్టీ ఆఫీసరుగా రిటైరయ్యాను. మా నాన్నగారు ఆర్మీలో చేశారు. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఫస్టియర్‌లో తొంభై శాతం వచ్చింది. చిన్నప్పటి నుంచీ నా చిల్కా కబుర్లు, అంటే ఒడిశాలో సెయిలర్లకి శిక్షణ ఇచ్చే చోటి సంగతులు, విని పెరిగాడు. ఇంటర్ అవగానే అగ్నివీర్ ఎస్‌ఎస్‌ఆర్ (ఇంటర్ అర్హతతో నేవీలో సెయిలర్లని తీసుకునే పరీక్ష) రాస్తానంటున్నాడు. మా ఇంట్లో మూడో తరం కూడా యూనిఫాం వేస్తుందంటే నాకు గర్వంగానే ఉంది. మా ఆవిడ మాత్రం “నాలుగేళ్ళ తర్వాత ఏం చేస్తాడు?” అంటోంది. రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండీ. మీ ఆవిడ అడిగినదాని దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే మీరు చేరిన నేవీ ఉద్యోగానికీ, మీ వాడు చేరతానంటున్నదానికీ పేరొకటే గానీ లెక్క వేరు.

మీ రోజుల్లో పదిహేనేళ్ళ ఉద్యోగానికి సంతకం పెట్టేవారు. ఆ పదిహేనేళ్ళు నిండితే పెన్షన్. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చాక సెయిలరుగా చేరేవాళ్ళది నాలుగేళ్ళ ఉద్యోగం. జీతం మొదటి ఏడాది నెలకి 30,000, నాలుగో ఏడాది 40,000. అలవెన్సులు వేరే. జీతంలో 30 శాతం సేవానిధికి కోసేస్తారు కాబట్టి మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000. నాలుగేళ్ళలో అలా కోసింది ఐదు లక్షల చిల్లర అవుతుంది. ప్రభుత్వం అంతే కలిపి, వెళ్ళేటప్పుడు సుమారు 10 లక్షల 4 వేలు, దాని మీద వడ్డీ కలిపి ఇస్తుంది. దీనికి ఆదాయపు పన్ను లేదు. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ కూడా లేదు. ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం వరకే రెగ్యులర్‌లోకి తీసుకుంటారు. అంటే పక్కపక్కన నిలబడ్డ నలుగురిలో ముగ్గురు ఇంటికి రావాలి. నేవీ మొదటి అగ్నివీర్ బ్యాచ్ 2022 నవంబరులో చిల్కాలో అడుగుపెట్టింది. వాళ్ళ నాలుగేళ్ళు 2026 చివరికి నిండుతాయి. మీ వాడు చేరేలోపు వాళ్ళ సంగతి కనుక్కోండి. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాకల్లో అలాంటి కుర్రాళ్ళు తప్పకుండా ఉంటారు. నా మాటకన్నా వాళ్ళ మాట ఎక్కువ పనికొస్తుంది.

దీన్నిబట్టి అగ్నివీర్ పనికిరాదని అనుకోకండి. పద్దెనిమిదికి చేరితే ఇరవై రెండుకి పది లక్షలతో బయటికొస్తాడు. ఇగ్నో డిగ్రీలో సగం క్రెడిట్లు శిక్షణ నుంచే కలిసే ఏర్పాటుంది. ఇంట్లో చదివించే స్తోమత లేనివాళ్ళకి, చదువు మీద మనసు లేనివాళ్ళకి ఇది మంచి దారే. మీ వాడు ఈ రెంటిలో ఏదీ కాడు, నాకు అభ్యంతరమల్లా అక్కడే.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్నగారూ సెయిలరే, ఇంజిన్ రూమ్‌లో. మా అన్నయ్యకి లెక్కలంటే ప్రాణం. ఇంటర్ అయ్యాక తిన్నగా సెయిలర్ల పరీక్ష రాసి చిల్కా వెళ్ళిపోయాడు. ఆ రోజు బాలుగావ్ స్టేషన్లో దిగాల్సిన కుర్రాళ్ళు విశాఖ ప్లాట్‌ఫారం మీద పదిమంది దాకా ఉన్నారు. అందరి దగ్గరా ఒకేలాంటి నల్ల ట్రంకు పెట్టెలు, మూత మీద తెల్ల పెయింటుతో పేర్లు. మా అమ్మ ఏడుస్తుంటే నాన్న “గర్వపడాలే గానీ ఏడుస్తారా” అని కసిరారు. అన్నయ్య బాగానే చేశాడు, ఇప్పుడు రిటైరయ్యాడు కూడా. అయితే చేరిన ఐదారేళ్ళకి ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు, తన షిప్పులో కొత్తగా వచ్చిన సబ్ లెఫ్టినెంటు గురించి చెప్పాడు. ఇంటర్ మార్కులతోనే, తనకంటే తక్కువ మార్కులతోనే, ఆఫీసరుగా వచ్చాడట. “అలాంటి దారి ఒకటి ఉందని మనింట్లో ఎవరికీ తెలీదు కదా” అన్నాడు. నాన్న పేపరు తిప్పుతూ “మనకెందుకురా ఆఫీసర్ల సంగతి” అన్నారు.

సెయిలర్ల ఇళ్ళలో ఈ మాట చాలాసార్లు విన్నాను. క్వార్టర్లు వేరు, మెస్సు వేరు, ఇరవై ఏళ్ళు సెల్యూట్ కొట్టిన చెయ్యి. ఆ గేటు మనది కాదని ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పకపోయినా పిల్లలకి అర్థమైపోతుంది. మీ వాడు అగ్నివీర్ అంటున్నది అది నచ్చేనా, లేక తనకి తెలిసిన దారి అదొక్కటేనా? మీరు కూర్చోబెట్టి అడగాల్సింది ఇదే.

ఆ రెండో గేటు, అంటే తిన్నగా ఆఫీసరుగా చేరే దారి, సంగతి చెప్తాను. 10+2 బీటెక్ క్యాడెట్ ఎంట్రీ అని ఉంది. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మాథ్స్ కలిపి 70 శాతం, టెన్త్‌లో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లీషులో 50 శాతం ఉండాలి. ఇంటర్వ్యూకి పిలిచేది జేఈఈ మెయిన్ ర్యాంకు చూసి. మనవాళ్ళు ఎక్కడ దెబ్బతింటారంటే, “మాకు ఏపీఈఏపీసెట్ చాలు” అని జేఈఈ మెయిన్ రాయరు. రాయకపోతే ఈ తలుపు మూసుకున్నట్టే. ఏటా జనవరిలో, ఏప్రిల్‌లో రెండుసార్లు పెడతారు, వదలొద్దు. సెలెక్టయితే కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీలో నాలుగేళ్ళ బీటెక్. ఖర్చంతా నేవీదే, డిగ్రీ జేఎన్‌యూది, చివర సబ్ లెఫ్టినెంటుగా కమిషన్. ఇంకోటి ఎన్‌డీఏ, అంటే మూడు దళాల ఆఫీసర్లకి శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. మాథ్స్‌కి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర లోపు వయసు ఉండాలి. అంటే మీ వాడికి గట్టిగా ఏడాదిన్నర, రెండేళ్ళే టైముంది. అగ్నివీర్‌కి 21 దాకా ఆగొచ్చు. కాబట్టి ముందు ఈ రెండూ రాసి, కాకపోతే అది రాయడంలో నష్టం లేదు. ముందు అది రాసి చేరిపోతే మాత్రం ఇవి చేజారతాయి. సెయిలరుగా చేరాక లోపలి నుంచి ఆఫీసరయ్యే దారీ ఉంది, మీకూ తెలుసు. మీ బ్యాచ్‌లో ఎంతమంది అయ్యారో మీరే లెక్క చూసుకోండి.

ఈ రెంటికీ అడ్డం పడేది ఎస్‌ఎస్‌బీ, అంటే ఆఫీసర్లని ఎంపిక చేసే ఇంటర్వ్యూ, ఐదు రోజులు. మొదటి రోజే స్క్రీనింగ్. మసక బొమ్మ చూపించి కథ రాయమంటారు, తర్వాత గుంపులో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. రోజుకి పన్నెండు గంటలు స్టడీ అవర్సులో కూర్చుని ఎంసీక్యూలు చేసిన పిల్లలు అక్కడ నోరు తెరవలేరు, మధ్యాహ్నానికే తిరుగు రైలు. మీ వాడికి కాలనీలో హిందీ వచ్చి ఉంటుంది, అది కలిసొస్తుంది. ఇంగ్లీషు మాత్రం రోజూ పావుగంటైనా ఎవరితోనైనా మాట్లాడాలి. తప్పులు పోయినా ఫరవాలేదు, ఆగిపోకూడదు. పరుగు ఏ దారికైనా తప్పదు. అగ్నివీర్‌లో మగపిల్లలకి 1.6 కిలోమీటర్లు ఆరున్నర నిమిషాల్లో. బీచ్ ఇసుకలో కాకుండా గ్రౌండులో, గడియారం పెట్టి పరిగెత్తించండి.

ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఇవన్నీ ఆమెకీ చెప్పండి. 2017-18లో ఐఎన్‌ఎస్‌వీ తరిణి మీద ప్రపంచాన్ని చుట్టి వచ్చిన ఆరుగురు నేవీ ఆఫీసర్లలో పి. స్వాతి మన విశాఖ అమ్మాయే. ఎన్‌డీఏ నుంచి మొదటి అమ్మాయిల బ్యాచ్ 17 మంది 2025 మేలో బయటికొచ్చారు.

ఇక మీ చిల్కా కబుర్లు. అవి మానేయమని అనను, పూర్తిగా చెప్పమంటాను. మా నాన్నగారు కొచ్చిన్ గురించీ, పరేడ్ గురించీ, డిసెంబరు 4న నేవీ డే నాడు ఆర్‌కే బీచ్‌లో జనం చప్పట్ల గురించీ చెప్పేవారు. ఇంజిన్ రూమ్ వేడి గురించి ఎప్పుడూ చెప్పలేదు. రిటైరయ్యాక టీవీ సౌండు నలభైలో పెట్టుకుంటుంటే విసుక్కునేదాన్ని. ఆ చప్పుడుకి చెవి పోయిందని డాక్టరు చెప్తేగానీ నాకు తెలియలేదు. మీరూ ఆ సగం దాచి ఉంటారు. చిల్కాలో మొదటి వారం ఇంటికి వెళ్ళిపోదామని అనిపించిందా? మీ బ్యాచ్‌లో మధ్యలో వెళ్ళిపోయిన వాళ్ళున్నారా? వాచ్‌కి, అంటే షిప్పులో వంతుల డ్యూటీకి, అర్ధరాత్రి లేవడం ఎలా ఉండేది? వాడికి ఇవి తెలియాలి.

ఒక ఆదివారం బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌కి తీసుకెళ్ళండి. స్కూలు ట్రిప్పులో చూసే ఉంటాడు, ఈసారి మెల్లగా చూడమనండి. 91 మీటర్ల గొట్టంలో 70 మందికి పైగా ఎలా బతికారో, పడకలు ఎంత వెడల్పున్నాయో. లోపల చూపించేవాళ్ళు చాలావరకు నేవీలో చేసినవాళ్ళే. జనం తక్కువున్నప్పుడు అడిగితే మనసు విప్పి మాట్లాడతారు. మీ ముందు అడగలేని ప్రశ్నలు వాళ్ళని అడుగుతాడు, కాబట్టి మీరు బయట ముంత కింద పప్పు తింటూ కాసేపు ఆగండి.

మీ ఆవిడతో ఒకమాట. అమ్మా, మీరు భయపడుతున్నది నాలుగేళ్ళ తర్వాత గురించి మాత్రమే అనుకోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మీవారు సర్వీసులోనే ఉన్నారు కదా. ఆ రోజు ఆయన ఊళ్ళో లేకపోతే, అప్పటికి ఐదారేళ్ళ పిల్లాడితో ఆ గాలికి తలుపు పట్టుకుని నిలబడ్డది మీరే అయి ఉంటారు. ఫోన్లు లేవు, కరెంటు లేదు. మా అమ్మ కూడా అలాంటి రాత్రులు చాలా గడిపింది. మీవారి కబుర్లు విన్న పిల్లాడు మీవీ వినాలి. రేపు వాడు పెళ్ళి చేసుకునే అమ్మాయికి కూడా అవే రాత్రులు ఉంటాయి.

ఒక జాగ్రత్త. “నేవీలో మనవాళ్ళున్నారు, సీటు ఇప్పిస్తాం” అని రెండు మూడు లక్షలు అడిగేవాళ్ళు మీ ఏరియాలోనూ తిరుగుతుంటారు. మర్చంట్ నేవీ సీట్లు చూపించి నేవీ అన్నట్టు మాట్లాడేవాళ్ళు కూడా. దరఖాస్తు నేవీ సొంత వెబ్‌సైట్‌లోనే, ఎన్‌డీఏకైతే యూపీఎస్సీ వెబ్‌సైట్‌లోనే. ఇరవై ఏళ్ళు చేసినవారు, మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, బంధువులకి చెప్పండి.

ఈ వారం చేయాల్సింది ఒకటుంది. టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి వాడి పేరు, మీ పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా కలుస్తున్నాయో లేదో చూడండి. మన దగ్గర ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనక్కి పోతుంది, మరోదాంట్లో పొడి అక్షరమే మిగులుతుంది. తేడా ఉంటే రేపే ఆధార్ సెంటర్‌కి వెళ్ళండి. నోటిఫికేషన్ వచ్చాక వెళ్తే క్యూలో మీ ముందు యాభై మంది ఉంటారు.