కెనడాలో ఉద్యోగానికి ఆదివాసుల చరిత్రపై శిక్షణ ఎందుకు?

"నిరుడే హైదరాబాద్ నుంచి వచ్చాను. ఆదివాసులకు జరిగిన అన్యాయాలతో నాకేమి సంబంధం?" అని మీరు అడిగారు.

నేరం మీ మీద మోపడానికి కాదు ఈ శిక్షణ. సుమారు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలను ఇళ్లనుంచి తీసుకెళ్లి, ప్రభుత్వ నిధులతో ఎక్కువగా చర్చిలు నడిపిన వసతి పాఠశాలల్లో పెట్టారు. సొంత భాష మాట్లాడితే దండించేవారు. అలాంటి చివరి బడులు మూతపడింది 1990లలో. అంటే అక్కడ చదివినవారో, వారి పిల్లలో ఈరోజు మీ పక్క కుర్చీలోనే ఉండవచ్చు. వారితో కలిసి పనిచేసేవారికి ఈ సంగతి తెలియకపోతే ఎలా?

ఈ బడుల చరిత్రను విచారించిన సత్యం, సయోధ్య కమిషన్ 2015లో చర్యల కోసం 94 పిలుపులు ఇచ్చింది. ప్రభుత్వోద్యోగులకు ఈ చరిత్ర నేర్పాలన్నది 57వది. వ్యాపార సంస్థలకు సంబంధించినది 92వది.

చాలాచోట్ల దుప్పట్లతో ఒక అభ్యాసం చేయిస్తారు. నేలమీద పరిచిన దుప్పట్లే ఆదివాసుల భూమి. అందరూ వాటిమీద నిలబడతారు. ఒప్పందాలు, ఆదివాసుల జీవితాలను అదుపు చేసిన 1876 నాటి కెనడా 'ఇండియన్ చట్టం', బడులు అంటూ కథనం సాగేకొద్దీ ఒక్కొక్క దుప్పటినీ మడిచేస్తుంటారు. కొందరు బయటికి వెళ్లాల్సి వస్తుంది. మిగిలినవారు చిన్న ముక్కమీద కాళ్లు ముడుచుకుని నిలబడతారు. పాదాలకింద చోటు తరిగిపోవడం ఎలా ఉంటుందో ఏ స్లైడూ అంత బాగా చెప్పలేదు.

అయితే శిక్షణతోనే బాధ్యత తీరిందనుకునే సంస్థలంటే నాకు బాధ. అదే 92వ పిలుపు ప్రాజెక్టులకు ముందు ఆదివాసుల సమ్మతి తీసుకోవాలనీ, ఉద్యోగాల్లో వారికి న్యాయమైన అవకాశం ఇవ్వాలనీ కూడా కోరింది. శిక్షణలో ఆ రెండింటి గురించీ తప్పక అడగండి.