నోరు చచ్చిపోతోందన్న మేనకోడలికి

చి. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. లీడ్స్ చలి అలవాటైంది గానీ తిండే ఎక్కడం లేదట, ఏం తిన్నా నోరు చచ్చిపోతోందన్నావట. మీ అమ్మ ఒకటే టెన్షన్. ఆవకాయ పార్శిల్ ఎలాగూ వస్తుంది. ఈలోగా ఇన్నేళ్లుగా ఇక్కడ తింటున్నవాణ్ణి, నా మాట కాస్త విను.

ఈ ఇంగ్లండ్‌లో వంటింట్లో అయ్యేది సగం వంటే. మిగతా సగం టేబుల్ మీద సీసాల్లో ఉంటుంది. వాటిని ముట్టుకోకుండా తిని చప్పగా ఉందంటే ఎలా తల్లీ? చిప్స్ (మనం ఫ్రెంచ్ ఫ్రైస్ అనేవి) పొగలు కక్కుతుండగానే ఉప్పు, మాల్ట్ వెనిగర్ చల్లుకో. సాసేజ్ పక్కన కోల్‌మన్స్ మస్టర్డ్ గోరంత పెట్టుకో, అంతకు మించొద్దు. చూడ్డానికి పసుపుపచ్చగా అమాయకంగా ఉంటుంది గానీ ఆ ఆవఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కుతుంది. హెచ్‌పీ సాస్ సీసా వెనక్కి తిప్పి చదువు, చింతపండు కనిపిస్తుంది. లీ అండ్ పెరిన్స్ వూస్టర్ సాస్‌లోనూ చింతపండు ఉంది, కాకపోతే చేపలు కూడా ఉంటాయి. మీ రూమ్‌మేట్ శాకాహారి అయితే ముందే చెప్పు.

పబ్‌కి వెళ్లి కూర్చుంటే ఎవరో వచ్చి అడుగుతారని ఎదురుచూడకు. చాలాచోట్ల టేబుల్ నంబరు చూసుకుని నువ్వే కౌంటర్ దగ్గరికెళ్లి ఆర్డరిచ్చి, డబ్బులు కట్టి రావాలి. లైను కనిపించదు గానీ ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. చిటికెలు వేసి పిలిచావో, నీ వంతు చివరికి పోతుంది. మందు ముట్టకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, లైమ్ అండ్ సోడా అడుగు. ఒకరు అందరికీ కొంటే తర్వాతి రౌండు నీదై ఉండొచ్చు, అప్పుడు ఫోన్ చూసుకుంటూ కూర్చోకు. ఇంకోటి, పబ్ తెరిచే ఉన్నా వంటిల్లు ముందే కట్టేస్తారు. రాత్రి తొమ్మిది దాటాక వెళ్తే చాలాచోట్ల క్రిస్ప్స్ (మన చిప్స్) ప్యాకెట్టే గతి.

అసలు తినాల్సింది ఆదివారం మధ్యాహ్నం రోస్ట్, అంటే ఓవెన్‌లో కాల్చిన మాంసం. నువ్వు బీఫ్ తినవు కాబట్టి ల్యాంబ్ తీసుకో. దాంతో మింట్ సాస్ ఇస్తారు. పుదీనా తరిగి వెనిగర్‌లో కాస్త చక్కెరతో కలిపింది, మన నోటికి ఇట్టే నచ్చుతుంది. ఇక యార్క్‌షైర్ పుడ్డింగ్ అంటావా, నువ్వు దాని సొంత గడ్డ మీదే ఉన్నావు. మైదా, గుడ్లు, పాలు కలిపిన పల్చటి పిండిని పొగలొచ్చే కొవ్వులో పోసి ఓవెన్‌లో పెడతారు. అంచులు బుస్సున పైకి లేస్తాయి, మధ్యలో గుంట పడుతుంది. గ్రేవీ ఆ గుంటలో పోసుకో. అడుగు నానుతుంది, అంచు మాత్రం కరకరలాడుతూనే ఉంటుంది. ఆలస్యం చేస్తే ఆ కరకర పోతుంది, కబుర్లు తర్వాత.

అయితే ఆ కొవ్వు చాలాచోట్ల బీఫ్ డ్రిప్పింగే, అంటే గొడ్డు కొవ్వు. గ్రేవీ కూడా అన్ని మాంసాలకీ ఒకటే కావచ్చు. యార్క్‌షైర్‌లో ఫిష్ అండ్ చిప్స్ కొట్లు చాలావాటిలో వేయించేదీ అందులోనే. మొహమాటపడకుండా అడుగు, దాపరికం లేకుండా చెప్తారు. నూనెలో వేయించే కొట్లూ ఉన్నాయి. ‘పై’ అనే వంటకాల్లో కాటేజ్ పై, స్టేక్ అండ్ ఏల్ పై బీఫే. షెపర్డ్స్ పై ల్యాంబ్‌తో చేస్తారు. బ్లాక్ పుడ్డింగ్ పంది నెత్తురు, ఓట్స్. మేక నెత్తురు వేపుడు తిని పెరిగినవాణ్ణి కాబట్టి నాకది ఇష్టమే, నిన్ను మాత్రం బలవంతపెట్టను.

చివర్లో కడుపులో కాస్త చోటుంచుకుని, ఖర్జూరాలతో చేసే స్టికీ టాఫీ పుడ్డింగ్ వేడి కస్టర్డ్‌తో తెప్పించుకో. ఇద్దరికి ఒకటి చాలు. రోస్ట్ అయిపోతే మళ్లీ వండరు, అందుకని శనివారమే ఫోన్ చేసి టేబుల్ చెప్పుకో. కొవ్వు సంగతి కూడా ఆ ఫోన్‌లోనే అడిగెయ్.

ఇట్లు,
మీ మామయ్య