మీరడిగారు: ఈజిప్టు దేవుళ్లు, గ్రీకు పేర్లు

ప్రశ్న: ఈజిప్టు, గ్రీకు దేవతల జతలు చూపే పట్టికల్లో ఈజిప్టు దేవత ఐసిస్‌ను ఒకచోట గ్రీకుల పంటల దేవత డెమీటర్ అనీ, మరోచోట ప్రేమదేవత అఫ్రొడైటీ అనీ రాస్తున్నారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రెండూ నమ్మొచ్చు. తప్పంతా పట్టికదే, కాలమూ ఊరూ రాయకుండా జతలు కట్టేస్తుంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ ఐసిస్‌ను డెమీటర్ అన్నాడు. అఫ్రొడైటీకి అసలు జత మరో ఈజిప్టు దేవత హాథోర్. అయితే హాథోర్ ఆవు కొమ్ములు, వాటి నడుమ సూర్యబింబం ఐసిస్ తలమీదికి ఎప్పుడో చేరిపోయాయి. ఈజిప్టును ఏలిన గ్రీకు రాజవంశం టాలమీల కాలంలో రెండవ అర్సినోయె రాణిని ఐసిస్‌గానూ, అఫ్రొడైటీగానూ కొలిచారు.

ఊరు మారితే జత మారడమూ ఉంది. ఈజిప్టులోని థీబ్స్‌లో గ్రీకు వీరుడు హెరాక్లీస్ అంటే చంద్రదేవుడు ఖోన్సు. హెరాక్లియోపొలిస్‌లో పొట్టేలు తల ఉన్న హెరిషెఫ్. కాబట్టి ఏ జత కనిపించినా, ఎవరు అన్నారు, ఏ ఊరి గుడి, ఏ కాలం అని మూడూ అడగండి.

వంశవృక్షాలు మాత్రం కలపకండి. హెరోడొటస్ లెక్కలో ఈజిప్టు మృతుల దేవుడు ఒసిరిస్ అంటే గ్రీకు దేవుడు డయోనైసస్, హోరస్ అంటే అపోలో. ఈజిప్టు కథలో ఒసిరిస్ కొడుకే హోరస్. గ్రీకు కథలో డయోనైసస్, అపోలో ఇద్దరూ దేవతల రాజు జ్యూస్ కొడుకులు, తల్లులు వేరు. అంటే అన్నదమ్ములు కాస్తా తండ్రీకొడుకులైపోతారు! అపోలో కన్నతల్లి లీటో ఈజిప్టు కథలో పెంపుడు తల్లిగా మిగులుతుంది. పోలిక దేవుళ్లు చేసే పనులకే, చుట్టరికాలకు కాదు.

ప్రశ్న: సెరాపిస్ అనే దేవుణ్ని మొదటి టాలమీ రాజు కల్పించాడా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: పూర్తిగా కాదు. చనిపోయిన ఏపిస్ అనే పవిత్రమైన ఎద్దును ఒసిరిస్‌తో కలిపి కొలిచే ఆచారం ఈజిప్టు నగరం మెంఫిస్‌లో అంతకుముందే ఉంది. టాలమీల రాజధాని అలెగ్జాండ్రియా దానికి గ్రీకు రూపం తొడిగింది: జ్యూస్ గడ్డం, తలమీద ధాన్యం కొలిచే కుంచం, కాళ్ల దగ్గర మూడు తలల కుక్క సెర్బెరస్. మ్యూజియంలో గడ్డం దేవుడి బొమ్మ కనిపిస్తే ముందు తలపైన చూడండి. కుంచం ఉంటే సెరాపిస్ అయ్యే అవకాశమే ఎక్కువ. విరిగిపోయిందనిపిస్తే నడినెత్తిన దాన్ని అమర్చిన గుర్తు వెతకండి.

ప్రశ్న: నోటిదగ్గర వేలు పెట్టుకున్న బాలుడు మౌనదేవుడా?
– మరో పాఠకుడు, నెల్లూరు

జవాబు: అతను హార్పోక్రటీస్, బాల హోరస్. ఈజిప్టు చిత్రాల్లో ఆ వేలు పసితనానికి గుర్తు, తలకు ఒకపక్క వేలాడే జుట్టుపాయ కూడా అంతే. మౌనమనే అర్థం గ్రీకులు, రోమన్లు తగిలించింది. ఇతని చిన్న కంచు బొమ్మ ఒకటి తక్షశిలలోని సిర్కప్ తవ్వకాల్లోనూ దొరికింది.